కోపం వినే మేడం

ఉప్పల్ చౌరస్తాలో కొత్తగా లేచిన మెట్రో పిల్లరుకు ఆనించి ఆమె ఫ్లెక్సీ కట్టారు. ఆమె బొమ్మ అరచేయంత ఉంది. దాని చుట్టూ దండాలు పెడుతున్న కాలనీ పెద్దల బొమ్మలు మాత్రం నిలువెత్తున ఉన్నాయి. పోయింది ఆమెనా, వీళ్ళా అని దారినపోయేవాడికి అనుమానం రావాలి. కింద పెద్ద అక్షరాలు: ‘శాంతమూర్తి, ఎందరికో దారి చూపిన మార్గదర్శి, మీకివే మా అశ్రునివాళులు.’

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాష్ట్రం వచ్చిన సంబరానికి కట్టిన ఫ్లెక్సీలు ఇంకా దించనే లేదు, వాటి పక్కన ఇదొకటి. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. సరే, పొగుడుకోండి, ఎవరొద్దన్నారు? కానీ చేయని పనికి పొగిడితే ఎట్లా? ఆ మనిషి జన్మలో ఎవరికీ దారి చూపలేదు. చూపమని కాళ్ళావేళ్ళా పడ్డా చూపలేదు. ఇక శాంతి సంగతంటారా, నేను ఆమె గదిలోకి కోపంతో వెళ్ళాను, అంతకు రెట్టింపు కోపంతో బయటికొచ్చాను. అందుకే ఆమెను ఈనాటికీ మరిచిపోలేదు.

పేరు రాయను. మా నాచారంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ‘కౌన్సిలింగ్ మేడం’ అనేవాళ్ళు కొందరు, ‘పిచ్చి డాక్టరమ్మ’ అనేవాళ్ళు ఎక్కువ. ఆమె డాక్టరు కాదు. జనగామ దిక్కు మనిషి. ఇండస్ట్రియల్ ఏరియా వెనక ధర్మ దవాఖానలో, మందులిచ్చే కిటికీకీ సైకిల్ స్టాండుకూ మధ్య ఒక ఇరుకు గదిలో కూర్చునేది. దవాఖాన అన్నాక సూది ఉండాలి కదా, వచ్చినవాళ్ళంతా సూది కోసమే చూసేవాళ్ళు. ఒకసారి ఒక ముసలామె అడగనే అడిగింది.

“ఇంతసేపు కూసున్న బిడ్డా. సూది ఎప్పుడిస్తవ్?”

“నా దగ్గర సూదుల్లేవవ్వా. చెవులే ఉన్నయి.”

“చెవులతోని ఏం జేస్తవ్?”

అని మూతి తిప్పిన ఆ ముసలామే కోడలి మీద మొదలుపెట్టి పొద్దెక్కిందాకా చెప్పింది. బయట బెంచీ మీద మేమంతా ఆమెనూ ఆమె కోడలినీ కలిపి తిట్టుకుంటూ కూర్చున్నాం. కాంపౌండరు తలుపు దగ్గరికొచ్చి, “ఒక్కరికి ఇంతసేపా మేడం? డాక్టరు సారు గీపాటికి లైను మొత్తం ఖాళీ జేస్తుండె” అన్నాడు. “సారు చూస్తడు. నేను వింట. వినుడు జల్ది కాదు” అంది ఆమె. అట్లా అని ఆమె ఏమన్నా టైముకు వచ్చే మనిషా? ఏనాడూ కాదు. బస్సు దిగి చెప్పులు టపటపలాడించుకుంటూ ఉరికొచ్చేది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకొని సంచంతా వెతికేది. కానీ పోయిన వారం మనం ఏ మాట దగ్గర ఆగిపోయామో మాత్రం మరిచేది కాదు.

రిటైరైన పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. లోపలికెళ్ళి కుర్చీలో కూర్చోగానే గురక. ఆమె ఎదురుగా చప్పుడు చేయకుండా కూర్చునేది. ఒకరోజు నేను ఉండబట్టలేక, “లేపరేంది మేడం?” అన్నాను. “ఇంట్ల నిద్ర పడ్తలేదట. ఈడ పడ్తున్నది. పడనియ్యుండ్రి” అంది.

ఇక నేను అక్కడికి ఎందుకు పోయానంటే, గుమ్మడికాయ వల్ల.

నేను పనిచేసింది రబ్బరు ఫ్యాక్టరీలో. రెండు పెద్ద ఇనుప రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, వాటి మధ్యలోకి రబ్బరు ముద్దను చేత్తోనే తోయాలి. చెయ్యి ఇరుక్కుంటే మిషన్ ఆపడానికి నెత్తి మీద ఒక రాడ్ ఉంటుంది. లాగితే టక్కున ఆగిపోవాలి. ఆ రాడ్ ఊరికే తగిలి మిషన్ ఆగుతోందని, ప్రొడక్షన్ పోతోందని మా ఫోర్‌మన్ దాన్ని బైండింగ్ వైరుతో కట్టేయించాడు. ఇక లాగినా కదలదు. నేనూ, నాతో అదే మిషన్ మీద పనిచేసే యాదగిరీ పోయి చెప్పాం. “విప్పియ్యుండ్రి సార్, ఎవనికన్న ఏమన్న అయితది” అంటే, “మీరు జాగ్రత్తగ జేస్తే ఏం గాదు, పోండ్రి” అన్నాడు.

అయింది. యాదగిరికే అయింది. నేను రాడ్ పట్టుకొని లాగాను. రాలేదు. రెండు చేతులతో వేలాడాను. రాలేదు. మెయిన్ స్విచ్ దగ్గరికి ఉరికి బంద్ చేసేసరికి ఆలస్యమైపోయింది. దవాఖానలో ప్రాణం పోయింది. అంతకంటే రాయలేను.

మిషనుకు దిష్టి తగిలిందన్నారు. బలి అడిగిందన్నారు. అన్నది మేనేజరు కాదు, మావాళ్ళే, యాదగిరితో కలిసి సద్ది తిన్నవాళ్ళే. అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు మిషన్లన్నీ కడిగారు, బంతిపూల దండలు వేశారు. మిషను ముందు సీనియర్ ఆపరేటర్ గుమ్మడికాయ కొట్టాలి, అది మా దగ్గర ఆనవాయితీ. నన్ను పిలిచారు. కాయ మీద కర్పూరం వెలిగించి చేతికిచ్చారు. తలెత్తి చూశాను. రోలర్లకు బొట్లు. మోటారుకు బొట్టు. నెత్తి మీది రాడ్‌కు బొట్లు. ఆ రాడ్‌ను కట్టేసిన బైండింగ్ వైరుకు కూడా వరుసగా పసుపు, కుంకుమ. ఊడ్చే మల్లమ్మ పొద్దున్నే స్నానం చేసి వచ్చి, భక్తిగా, ఒక్కటీ వదలకుండా పెట్టింది. వైరు ముడిలో ఒక బంతిపువ్వు కూడా గుచ్చింది.

వాణ్ణి మింగింది దిష్టి కాదురా, ఈ వైరురా, దీనికే మొక్కుతున్నారేంరా! ఈ మాటలు నేను అన్నానో లేదో నాకు తెలియదు. కాయ మాత్రం వెలుగుతున్న కర్పూరంతో సహా ఫోర్‌మన్ క్యాబిన్ అద్దాల మీదికి పోయింది. అద్దం భళ్ళున పగిలింది. ఫోర్‌మన్ నెత్తి మీద గుమ్మడి గింజలు.

నర్సింహకు, అంటే నాకు, పిచ్చి లేసిందని ఆ సాయంత్రానికల్లా నాచారమంతా తెలిసింది. మా అమ్మ నన్ను మౌలాలి గుట్టెక్కించి దర్గాలో తాయెత్తు కట్టించింది. మా బావ యోగా చెయ్యమన్నాడు. కాంపౌండరు బీపీ అన్నాడు. యూనియన్ లీడరు, “కోపం మనిషికి శత్రువే” అని నీతి చెప్పాడు, వాడే మర్నాడు మేనేజరుతో చాయ్ తాగేవాడు. నా కోపానికి మందు లేనివాడు ఒక్కడూ లేడు. ఫ్యాక్టరీ పర్సనల్ ఆఫీసరైతే భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. “కౌన్సిలింగ్‌కు వెళ్ళు నర్సింహా. కోపం తగ్గాక డ్యూటీకి వద్దువు.” ఇంత ప్రేమ ఎందుకంటే, యాదగిరి చావు మీద ఎంక్వయిరీకి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ రావాల్సి ఉంది. ఆ రోజు వాడి పక్కనున్నది నేనొక్కణ్ణే. యాదగిరి కల్లు తాగి డ్యూటీకొచ్చాడు, నిద్రమత్తులో చెయ్యి పెట్టాడు అన్నది వాళ్ళు అల్లిన కథ. అది నా నోటితో రావాలి.

అట్లా పోయాను ఆమె దగ్గరికి. నా తరఫున చెప్పడానికి నా భార్య సుజాత కూడా వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది. “మేడం, ఈనె ఇదివరకు గిట్ల లేకుండె…”

“మీరు చెప్పేది గూడ వింటనమ్మా. ముందుగాల ఆయన చెప్తడు” అని, నా వైపు తిరిగి, “నర్సింహ గారూ, కూసోండ్రి” అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ గారు ఎవరా అని. సుజాతకు ఆ కష్టంలో కూడా నవ్వొచ్చింది.

టేబుల్ ఫ్యాను నా మొహం వైపు తిప్పింది. సుజాత బయటికెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మేం ఇద్దరం కూర్చున్నాం. ఆమె మాట్లాడదు. నేను మాట్లాడను. ఫ్యాను గరగర.

“ఏమన్న అడుగుండ్రి మేడం.”

“మీకు చెప్పాలనిపిచ్చింది చెప్పుండ్రి. అనిపియ్యకుంటే, ఉత్తగనే కూసుందాం.”

మనిషిని పిలిపించి ఉత్తగ కూసుందామంటుందేంది? “నాకు తిక్క లేస్తున్నది మేడం” అన్నాను.

“తిక్క లేస్తున్నది.”

“నేనన్నది గదే గదా! నా మాట నాకే చెప్తరేంది, చిలకలెక్క?”

పకపకా నవ్వింది. ఆ గదికి అస్సలు పొసగని నవ్వు. “చిలకలెక్కనే అనిపిస్తది. సరిగ్గ విన్ననా లేదా అని చూస్కుంటున్న, అంతే” అంది. తర్వాత నా చేతి తాయెత్తు వైపు చూసి, “ఎవరు కట్టిన్రు?” అని అడిగింది. చదువుకున్నామె కదా, ఇక వెక్కిరిస్తుంది అనుకొని నేను కాలు దువ్వాను. “మా అమ్మ. ఏం, కట్టొద్దా?”

“అమ్మ మస్తు భయపడ్డట్టున్నది” అంది.

తాయెత్తు కడుతున్నప్పుడు మా అమ్మ మీద గుట్ట దద్దరిల్లేలా అరిచాను. ఆమె భయం నా బుర్రకే తట్టలేదు.

మిగతావాళ్ళంతా నా కోపాన్ని ఎట్లా తీసేయాలా అని చూస్తే, ఈమె దానికి పీట వేసి కూర్చోబెట్టింది. ఎవరి మీద అని అడిగింది. ఫోర్‌మన్ మీద. ఇంకా? బొట్లు పెట్టినోళ్ళ మీద. ఇంకా? యూనియన్ మీద, దేవుడి మీద. ఇంకా? ఒకరోజు నా నోట్లోంచే వచ్చింది, నాకు తెలియకుండా. “యాదగిరి గాని మీద మేడం. గట్ల పోతడా? పెండ్లాం పిల్లల్ని నా మొకాన గొట్టి గట్ల పోతడా వాడు?”

చచ్చినోణ్ణి అట్లా అనకూడదు అని వేరెవరైనా అనేవాళ్ళు. “యాదగిరి మీద గూడ” అంది ఆమె. అంతే.

పర్సనల్ ఆఫీసరు ఒకరోజు దవాఖానకే వచ్చాడు. నేను బెంచీ మీద ఉన్నాను, కిటికీ తెరిచే ఉంది.

“మావాడు ఎలా ఉన్నాడు మేడం? కోపం తగ్గిందా?”

“బయటనే ఉన్నడు. ఆయన్నే అడుగుండ్రి.”

“అది కాదు. ఎంక్వయిరీలో ఏం చెబుతానంటున్నాడు? మీరొక మాట చెబితే వింటాడు. చచ్చినవాడు ఎలాగూ తిరిగి రాడు. బతికున్నవాడి ఉద్యోగం సంగతి చూడాలి కదా.”

“ఈ గదిల మాట్లాడింది ఈ గది దాటదు సార్.”

“ఈ గదిలో ఫ్యాను, బయట బెంచీలు మా ఫ్యాక్టరీ ఇచ్చినవే మేడం. కొంచెం గుర్తుపెట్టుకోండి.”

గరగర ఆగింది. తొంగిచూశాను. ఆమె ఫ్యాను ప్లగ్గు పీకి, వైరును నీటుగా చుట్టి, రెండు చేతులా ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. “బెంచీ మీద మనుషులు కూసున్నరు సార్. వాళ్ళు లేశినంక పంపిస్త” అంది.

ఆయన ఆ ఫ్యానును చంటిపిల్లలా ఎత్తుకొని స్కూటర్ దాకా నడిచిపోతుంటే బెంచీ అంతా నవ్వింది. నేను లోపలికెళ్ళేసరికి ఆమె మంచినీళ్ళు తాగుతోంది. చెయ్యి వణికి సగం చీర మీద పోసుకుంది. శాంతమూర్తి అట! నేను చూశానయ్యా ఆ వణుకు. భయంతోనో, కోపంతోనో, రెంటితోనో.

దాని ఫలితం తర్వాత అనుభవించింది. ఆ సంవత్సరం తిరక్కుండానే దవాఖాన వాళ్ళు గదికి తాళమేశారు. ఉప్పల్‌లో తెలిసినవాళ్ళ వరండాలో రెండు కుర్చీలు వేసుకుంది. ‘కాలనీలకు పిచ్చోళ్ళు ఒస్తున్నరు, మా ఇండ్ల ముంగట వద్దు’ అని ఆ వరండా ముందుకొచ్చి గొడవ చేసినవాళ్ళు ఎవరో తెలుసా? ఫ్లెక్సీలో దండాలు పెడుతున్నవాళ్ళే. సిగ్గుండాలి.

ఎంక్వయిరీ ముందు రోజు యాదగిరి భార్య మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప అవతలే నిలబడింది.

“అన్నా, ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికొచ్చిన్రు. నీ మొగడు తాగి పడ్డడని చెప్పిపోయిన్రు. బస్తీల అందరు గదే అంటున్నరు. తాగుబోతు పిల్లలని నా పిల్లల్ని బడిల ఏడిపిస్తున్నరు. నాకేం ఇయ్యకున్న మంచిదే. నువ్వు పక్కన్నే ఉన్నవ్ గదా. ఆ దినం తాగిండా ఆయన?”

నా వెనక సుజాత నిలబడి ఉంది. నేను నోరు తెరిస్తే మా పొయ్యిలో పిల్లి లేవదు. తల దించి గడపనే చూస్తూ నిలబడ్డాను. యాదగిరి భార్య కాసేపు చూసి వెళ్ళిపోయింది.

నేను తిన్నగా మేడం దగ్గరికి పోయాను.

“చెప్పుండ్రి మేడం. రేపు నిజం చెప్పాల్నా, వద్దా?”

“మీకేమనిపిస్తున్నది?”

“మళ్ళ గదే! నాకేమనిపిస్తే ఏంది? చదువుకున్నోళ్ళు, నలుగుర్ని చూసినోళ్ళు, మీరు చెప్పుండ్రి. మీరెట్ల అంటే గట్ల చేస్త.”

“నేను చెప్తే అది నా మాటయితది నర్సింహ గారూ. మోసేది మాత్రం మీరు.”

“అయితే మీరెందుకు? గోడకు చెప్పుకుంట పో!” అని లేచాను. కుర్చీ వెనక్కి పడింది. బల్ల మీద గుద్దాను. ఇంతమంది జీవితాలు విని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాని మనిషివి, నీ కౌన్సిలింగూ వద్దు, నువ్వూ వద్దు అని ఏకవచనంలోకి దిగాను. ఆమె లేవలేదు. కళ్ళు తిప్పుకోలేదు. నాకు ఊపిరి అందనిదాకా అరవనిచ్చింది.

“రేపు మీరు చెప్పొచ్చినా, చెప్పకుండ ఒచ్చినా, నేను ఈడ్నే ఉంట. నాకు మాత్రం మీరు మీరే” అంది.

ఇంటికి పోతూ దారంతా పళ్ళు కొరికాను. చెప్పు అని ఉంటే, రేపు ఉద్యోగం పోయినప్పుడు ఆమెను తిట్టుకునేవాణ్ణి. చెప్పకు అని ఉంటే, యాదగిరి భార్య ఎదురుపడ్డప్పుడు మేడం పేరు చెప్పుకునేవాణ్ణి. మహాతల్లి నాకు ఒక్క సాకు కూడా మిగల్చలేదు. అంత దయగా మనిషిని మూలకు నెట్టినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

మరునాడు ఇన్‌స్పెక్టర్ ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. యాదగిరి తాగలేదని, రాడ్‌ను వైరుతో కట్టేశారని, లాగినా రాలేదని. వైరు అప్పటికే మాయమైంది. రాడ్‌కు కొత్త రంగు పూశారు.

“ఏ వైరు సార్? వీనికి పిచ్చి. కౌన్సిలింగ్‌కు పోతున్నడు, అడుగుండ్రి” అన్నాడు ఫోర్‌మన్.

“అవు సార్, పోతున్న. కోపం తగ్గలే. వైరు మాత్రం ఉండె” అన్నాను. నా చేతికి అందేంత దూరంలో పేపర్‌వెయిట్ ఉంది. దాని వైపు చూశాను గానీ ముట్టుకోలేదు.

చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన మల్లమ్మ తలుపు దగ్గర ఆగింది. “ఉండె సారూ. పండుగనాడు దానికి నేనే బొట్టు వెట్టిన. అన్నిటికి వెట్టాలె గద అని, దానిక్కూడ వెట్టిన” అంది. అని కొంగు నోట్లో కుక్కుకుంది. నా ఉద్యోగం సంగతి అప్పుడే తేలిపోయింది. నెలలు తిరిగాక చర్లపల్లిలో ఇంకోటి దొరికింది లెండి, అది వేరే కథ.

అక్కడినుంచి మేడం దగ్గరికి పోయాను. ఫ్యాను లేదు. గది కాలుతోంది. దినపత్రికతో విసురుకుంటోంది.

“చెప్పిన మేడం.”

“చెప్పిండ్రు.”

చూశాను. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని చూశాను. అనలేదు. “శభాష్ అనరా? ఒక్క మాట! మీ సొమ్మేం పోతది?” అని కసిరాను.

“నేను శభాష్ అంటేనే అది మంచి పనయితదా?” అంది. తర్వాత మెల్లగా, “ఎట్లున్నది మీకు?” అని అడిగింది.

నిలబడే ఆలోచించాను. “యాదగిరి ఇంటికి పోవాలె” అన్నాను.

“పోవాలె” అంది చిలక.

పాత ఉప్పల్ బస్తీలో యాదగిరి భార్య ఇంటి ముందు గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కోకుండానే లేచింది.

“తాగలే చెల్లె. ఆ దినం వాడు తాగలే. రాడ్‌ను వైరుతోని కట్టేసిన్రు. నేను లాగిన, రాలే. గదే చెప్పొచ్చిన.”

“మళ్ళ చెప్పన్నా” అంది. లోపలికి కేకేసి పిల్లల్ని పిలిచింది. ఇరుగుపొరుగు వినేలా మళ్ళీ చెప్పాను.

అప్పుడు మొదలుపెట్టింది. వాళ్ళ చేతులిరగ, వాళ్ళ ఫ్యాక్టరీల మన్నువడ అని ఫోర్‌మన్‌ను, మేనేజరును, ఇంటికొచ్చి తాగుబోతన్నవాళ్ళను, తలాడించిన బస్తీని, ఒక్కొక్కరినీ పేరుపేరునా. చివరికి నా మీదికి తిరిగింది. “నువ్వు గూడ! ఇన్నొద్దులు నీ నోట్ల ఏం వెట్టుకున్నవ్? నిన్న నీ గడపల నిలవడ్డప్పుడు ఏమైంది?”

“ఊకోవే, ఊకో. పోయినోడు తిరిగొస్తడా?” అంటూ ఆడవాళ్ళు ఆమె భుజాలు పట్టుకొని లోపలికి లాగుతున్నారు. నా నాలుక చివర కూడా ఆ ఊకో ఉంది. మింగేశాను.

“ఆపకుండ్రి. తిట్టనియ్యుండ్రి ఆమెను” అన్నాను.

అని అక్కడే, అంట్ల గిన్నెల పక్కన నేల మీద కూర్చున్నాను. బస్తీలో లైట్లు వెలిగేదాకా ఆమె తిట్టింది. నన్ను తిట్టినంతసేపూ లేవలేదు.